ఇల్లు మారకపోవడానికి కారణం

"మనలోనే ఒకరున్నారు," అన్నాడు ఫైలు బాబాయి.

మెట్ల మీద వరసగా పరిచిన పన్నెండు ఉత్తరాలను ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. "బయటివాళ్ళకి ఇన్ని సంగతులు తెలియవు. మన గుట్టు అందించినవాళ్ళెవరో రోజూ ఈ మెట్లు ఎక్కి దిగేవాళ్ళే."

పన్నెండిళ్ళ వాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ముందు రోజు దాకా చక్కెర చేబదులు ఇచ్చిపుచ్చుకున్న మొహాలే అవి.

ఎండాకాలం అప్పుడే మొదలైంది. మా పాత ఓనరు చలికాలంలోనే బిల్డింగ్‌ని ఒక కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. ఆ కంపెనీ తరఫున మాకు మొదట అందిన పలకరింపు తలుపుల కింద నుంచి తోసిన ఈ ఉత్తరాలే. అరవై రోజుల్లో కొత్త అద్దెకు సంతకం పెట్టండి, లేదా ఖాళీ చేయండి. అంతవరకైతే నగరంలో సగం మందికి జరుగుతున్నదే. మాకు మతి పోయింది ఇంకొకందుకు. ఏ రెండు ఇళ్ళకీ పెంపు ఒకేలా లేదు.

"నాకు జీతం పెరిగి నెల కాలేదు," అంది మొదటి అంతస్తు నర్సు. "పెరిగింది పెరిగినట్టు వీళ్ళకే కావాలట. ఎవరో నా జేబులో చెయ్యి పెట్టి చూసినట్టు రాశారు."

"మా అమ్మాయి నాకు డబ్బు పంపడం మొదలుపెట్టి రెండు నెలలు," అన్నాడు ఫైలు బాబాయి. "సరిగ్గా అంతే పెంచారు." ఆయన ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కరెంటు బిల్లుకి కూడా నకలు తీసి ఫైలు కడతాడు కనుక ఆ పేరు. మోకాళ్ళు అరిగి, కింది ఇంటి గుమ్మం దాటడానికే ఆయనకు పావుగంట పడుతుంది.

అందరికంటే ఎక్కువ పెంచింది మాకు. ఉన్న అద్దె మీద ఇంకో సగం.

"మామీదే ఎందుకర్రా అంత ప్రేమ?" అంది మా అత్తయ్య, మూడో మెట్టు మీద కాళ్ళు చాపుకుని. "మావాడు నడిపేది బస్సేగా, విమానం కాదుగా."

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన మా డిపోలో మొదటి బస్సు డ్రైవరు. తెల్లవారకముందే నగరాన్ని పనుల్లోకి చేర్చే బస్సు ఆయనది. ఆ బస్సు దగ్గరికి ఆయన్ని చేర్చే బస్సు మాత్రం ఏదీ లేదు. నడిచే వెళ్ళాలి. పదకొండు నిమిషాలు. మొదటి ట్రిప్పు వాళ్ళు డిపోకి అరగంట లోపు ఉండాలని రూలు కూడా ఉంది. ఇల్లు దూరమైతే ఆయన పేరు స్పేరు డ్రైవర్ల జాబితాలోకి పోతుంది. అంటే పిలిచిన రోజే పని, పిలవని రోజు పస్తు. ఇక నా సంపాదన సంగతా? వంటింటి గట్టు మీద కంప్యూటరు పెట్టుకుని ఒక సర్వే సంస్థకి ఫోన్లు చేస్తుంటాను. "నమస్కారమండీ, మీ సమయం ఒక మూడు నిమిషాలు" అనేసరికే అవతల టప్పుమని పెట్టేస్తారు. ఆ ఆదాయంతో ఇల్లు గడవదు. ఇల్లు నిలవాలంటే ఆయన మొదటి బస్సు నిలవాలి.

"లాయరుతో మాట్లాడాను," అన్నాడు ఫైలు బాబాయి. "పన్నెండిళ్ళూ ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టి కోర్టుకి వెళితే పెంపు ఆగే వీలుందన్నాడు. అయితే ఒక మాట. లోపల మనిషి ఎవరో తేలేదాకా నేను ఆ కాగితం బయటికి తియ్యను. ఈరోజు మనం అనుకున్నది రేపు వాళ్ళ టేబులు మీద ఉంటుంది."

"అయితే ముందు ఇల్లు వెతుక్కోవడం మంచిదేమో," అన్నాడు మా ఆయన. ఆయన ఎప్పుడూ అంతే. ఎదురుగా ఎర్ర లైటు కనబడితే ఇంకో రోడ్డు చూసే మనిషి.

మర్నాటి నుంచి మా వేట మొదలైంది.

డ్యూటీ దిగి మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన ఇల్లు చేరతాడు. నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని ముగ్గురం బయల్దేరేవాళ్ళం. అత్తయ్యని ఇంట్లో ఉండమంటే వినేది కాదు. "నేను బతకాల్సిన ఇల్లు నేను చూసుకోవద్దా" అనేది. నెత్తిన ఎండ, చేతిలో ఫోను, ఫోనులో బ్రోకర్లు.

మొదటి ఇంటి ప్రకటనలో "డిపోకి పది నిమిషాలు" అని ఉంది. మేము నడిస్తే యాభై పట్టింది.

"పది నిమిషాలు ఎవరికి నాయనా, కాకికా?" అని అడిగింది అత్తయ్య.

"ట్రాఫిక్ లేకపోతేనమ్మా," అన్నాడు బ్రోకరు.

"నడిచేవాడికి ట్రాఫిక్ ఏంట్రా?"

రెండో ఇంట్లో పొయ్యి గట్టుకీ స్నానాలగదికీ మధ్య గోడకు బదులు ప్లాస్టిక్ తెర ఉంది. "స్టూడియో టైపు," అన్నాడు ఇంకో బ్రోకరు. మా ఆయన ఆ తెరను ఒక చివర పట్టుకుని పైకెత్తి, ఇటు చూసి, అటు చూసి, మర్యాదగా మళ్ళీ వదిలేశాడు. దాని అద్దె, మాకు వచ్చిన కొత్త ఉత్తరంలో రాసినదానికి దగ్గర దగ్గరగా ఉంది.

ఏడో ఇల్లు బాగుంది. రెండు గదులు, గాలి, డిపోకి పద్దెనిమిది నిమిషాలు. అయితే మేము వెళ్ళేసరికి ఆ ఇంటి మెట్ల మీద ముప్ఫై మందికి పైగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ జీతం కాగితాలు, గుర్తింపు కార్డులు, పాత ఓనర్లు రాసిచ్చిన మంచి నడవడిక పత్రాలు. ఒక్కో కుటుంబాన్నీ లోపలికి పిలిచి ఇంటర్వ్యూ చేస్తోంది ఓనరమ్మ. గంటన్నర తర్వాత మా వంతు వచ్చింది.

"మీ అత్తగారు ఎన్నాళ్ళు ఉంటారు?" అని అడిగింది నన్ను.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "వీలైనన్నాళ్ళు ఉండాలనే చూస్తున్నానండీ."

ఓనరమ్మ నవ్వింది. మాకు కాస్త ఆశ పుట్టింది. ఆమె పెన్ను తీసింది కూడా. అంతలో వరస చివర్నుంచి ఒకాయన, "అడిగినదానికంటే ఎక్కువిస్తాను, ఏడాది అద్దె ఇప్పుడే కట్టేస్తాను" అని కేకేశాడు. పెన్నుకి మూత పడింది.

పంతొమ్మిదో ఇల్లు చూసి తిరిగొస్తూ బస్‌స్టాపులో మా ఆయన చెప్పుల్లోంచి రాళ్ళు దులుపుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఈ రోడ్ల మీద బస్సు నడుపుతున్నాను," అన్నాడు. "అన్ని వీధులూ తెలుసు. ఒక్క వీధిలో కూడా నాకు చోటు లేదని ఇప్పుడు తెలిసింది." ఆ సాయంత్రం అన్నం మానేసి పడుకున్నాడు.

ముప్ఫై రోజులు అలా కరిగిపోయాయి. ఇళ్ళు దొరకని కోపం ఊరికే ఉండదు, ఎవరో ఒకరి మీద పడాలి. మా బిల్డింగ్‌లో ఆ కోపం టైలరక్క మీద పడింది.

టైలరక్కది కింద వీధి వైపు గది. ముందు కుట్టుమిషను, వెనక మంచం, మధ్యలో మా అందరి బట్టలు. యాభై ఏళ్ళ ఒంటరి మనిషి. కొలతలు తీస్తూ కబుర్లు చెప్పిస్తుంది. అదే ఆమె కొంప ముంచింది.

"ఆలోచించండి," అంది నర్సు ఒకరోజు మెట్ల దగ్గర నాతో. "నాకు జీతం పెరిగిందని తెలిసిందెవరికి? కొత్త యూనిఫాం కుట్టమని ఆవిడకే ఇచ్చాను. బాబాయి గారి అమ్మాయి సంగతి? ఆవిడకి తెలుసు. మీ ఆయన డిపో సంగతి ఆవిడకి తెలుసు. కంపెనీ మేనేజరు ఆవిడ గదికి రెండుసార్లు వచ్చాడు. నేను కళ్ళారా చూశాను."

"ఎందుకొచ్చాడో?"

"ఎందుకొస్తాడు అక్కా? ఇంకో మాట చెప్పనా. ఈ బిల్డింగ్‌లో ఉత్తరం రానిది ఆవిడ ఒక్కదానికే."

ఆ ముక్క వినగానే నాకు ఒళ్ళు మండింది. నిజమే. మెట్ల మీద పరిచినవి పన్నెండు ఉత్తరాలు. టైలరక్కతో కలిపితే పదమూడు ఉండాలి.

అంతే. మర్నాటి నుంచి ఒక్కొక్కరే వెళ్ళి బట్టలు వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నేనూ వెళ్ళాను, దాచుకోవడం ఎందుకు. మా ఆయన యూనిఫాం ప్యాంటు ఆమె మిషను మీదే ఉంది.

"ఒక కాలే అయింది," అంది టైలరక్క. "రెండో కాలు పది నిమిషాల పని."

"అక్కర్లేదు. ఇచ్చెయ్యండి."

ఆమె నా మొహంలోకి చూసింది. దారం తెంపి, ప్యాంటు మడిచి, చేతికిచ్చింది. "మేనేజరు ప్యాంటు నడుం వదులు చేయించుకోవడానికి వచ్చాడమ్మా," అంది. "కుర్చీలో కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది. అంతే."

నేను విననట్టు వచ్చేశాను. మా ఆయన ఆ వారమంతా ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా బస్సు నడిపాడు. "స్టీరింగ్ కిందేగా, ఎవరు చూస్తారు" అన్నాడు.

ఇంకా పన్నెండు రోజులే గడువుందనగా నాకు ఓపిక చచ్చింది. కంపెనీ ఆఫీసుకే వెళ్ళి అడుగుదామనుకున్నాను. అత్తయ్య కూడా బయల్దేరింది. రెండు బస్సులు మారి వెళ్ళాం.

గాజు తలుపులు, ఒళ్ళు వణికించే ఏసీ, గోడకి నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు. మేనేజరు కుర్రవాడే. నిజంగానే కొత్తగా పొట్ట వచ్చినవాడు. మర్యాదగా కూర్చోబెట్టాడు.

"మీ బాధ నాకు అర్థమవుతోంది మేడమ్. అయితే అద్దె నిర్ణయించేది నేను కాదు. సిస్టం."

"ఆ సిస్టం గారిని పిలవండి," అంది అత్తయ్య. "ఒక మాట మాట్లాడి పోతాం."

"మనిషి కాదమ్మా, కంప్యూటరు. అన్నీ అదే లెక్క వేస్తుంది. ఇదిగో, మీరే చూడండి. ఇందులో నా చెయ్యేమీ లేదు." అతను తెరను మా వైపు తిప్పాడు.

ఇంటికొక వరస చొప్పున పన్నెండు వరసలు. ఎంతమంది సంపాదిస్తారు, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఈమధ్య రాబడి పెరిగిందా. చివరి గడిలో నాలుగు ముక్కలు మాటల్లో రాసి ఉన్నాయి. అత్తయ్య కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. నేనే చదివాను.

మూడో అంతస్తు, రెండో ఇల్లు: ఇంటాయన ఫస్ట్ బస్సు డ్రైవరు. డిపో నడక దూరం. చచ్చినా ఇక్కడి నుంచి కదలరు.

నా చూపు పైకి పాకింది. కింది ఇల్లు: మోకాళ్ళు అరిగిన పెద్దాయన. మెట్లెక్కలేడు, ఎక్కడికీ పోలేడు. కూతురు కొత్తగా డబ్బు పంపుతోంది. మొదటి అంతస్తు: ఒంటరి నర్సు. ఆస్పత్రి దగ్గర. చీకట్లో దూరం నడవాలంటే భయం.

"చూశారా," అన్నాడు మేనేజరు, తన కొత్త బండి చూపిస్తున్నవాడిలా. "వెళ్ళిపోగలిగేవాళ్ళకి ఎక్కువ వేస్తే ఇల్లు ఖాళీ పడుతుంది. వెళ్ళలేనివాళ్ళకి వేస్తే ఆ బెంగ లేదు. చాలా తెలివైన సిస్టం."

"ఇవన్నీ మీకు ఎవరు చెప్పారు బాబూ?" అని అడిగింది అత్తయ్య. "ఆ టైలరేనా?"

"టైలరా?" అతనికి అర్థం కాలేదు. "ఆవిడది షాపు కదండీ. షాపుల వివరాలు మా దగ్గర ఉండవు. అందుకే ఇంకా ఉత్తరం పంపలేదు. ఇవి ఒక సర్వే సంస్థ దగ్గర కొంటాం. వాళ్ళకి ఫోన్లు చేసి రాసుకునే మనుషులుంటారు."

నేను మంచినీళ్ళు అడిగాను. అతను తెప్పించాడు. తాగి, లేచి, నమస్కారం పెట్టి వచ్చేశాం. అద్దె గురించి నేను ఒక్క మాట కూడా అడగలేదన్న సంగతి వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది.

బస్సులో సగం దూరం వచ్చాక అత్తయ్య, "నువ్వు ఫోన్లో అడిగే ఆఖరి ప్రశ్న ఏంటే?" అంది.

"ఇల్లు మారకపోవడానికి ముఖ్య కారణం," అన్నాను. "వాళ్ళ మాటల్లో రాయాలి."

"ఊఁ," అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఏం జరిగిందో చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. రోజుకి నలభై ఫారాలు నింపాలి. చలికాలం చివరి నెలలో జనం ఫోన్లు ఎత్తడం పూర్తిగా మానేశారు. నెలాఖరు రోజున నాకు పన్నెండు తక్కువ పడ్డాయి. తక్కువైతే ఆ నెల జీతంలో కోత. మా సంస్థలో అలాంటప్పుడు అందరూ కల్పించి రాసేస్తారు. లేని వీధులు, లేని ఇళ్ళు, లేని మనుషులు. నాకు ఆ పని నచ్చేది కాదు. రాస్తే నిజమే రాయాలని పట్టుదల. జీవన ఖర్చుల మీద ఏదో అధ్యయనం అని మాకు చెప్పారు. పేర్లు అడగం, ఇంటి నంబరు ఒక్కటే. మా బిల్డింగ్‌లో పన్నెండిళ్ళు, నాకు తక్కువైనవి పన్నెండు ఫారాలు. ఒక్కొక్కరి తలుపు కొట్టి విసిగించడమెందుకు, నాకు తెలియనిది ఏముంది అనుకున్నాను. గంటలో అయిపోయింది. నింపిన ఫారాల నకళ్ళు నా కంప్యూటరులోనే ఉండిపోయాయి. మా ఇంటి ఫారంలో "చచ్చినా" అనే మాట టైపు చేస్తున్నప్పుడు నవ్వుకున్నాను కూడా.

మర్నాడు మా ఆయన భోంచేస్తుంటే చెప్పాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అందరూ కల్పించి రాస్తారన్నావుగా," అన్నాడు.

"అవును."

"నువ్వు కూడా రాసి ఉండొచ్చుగా. నీకే ఎందుకొచ్చింది ఈ నిజాయితీ?"

నేను ఆయన కంచంలో ఇంకాస్త చారు పోశాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఎల్లుండి ఆదివారం మీటింగు. టైలరక్కని తేల్చేస్తారట. ఆ తర్వాతే బాబాయి కాగితం బయటికి తీస్తాడు. దాని మీద మన సంతకం పడేదాకా నువ్వు నోరెత్తకు."

"ఆవిడ పేరు చెడగొట్టి పంపేస్తారు కదండీ."

"పంపనీ. ఆవిడకి మిషనుంది, ఎక్కడ పెట్టుకున్నా కుట్టుకుంటుంది. నా డిపోని నేను ఎక్కడికి మోసుకుపోను?" ఆయన గొంతు పెరగలేదు. "నువ్వని తెలిస్తే ఆ కాగితం మీద మనల్ని సంతకం పెట్టనిస్తారా? పదకొండిళ్ళు ఒకవైపు, మనం ఒకవైపు. కోర్టు లేదు, ఇల్లు లేదు, మొదటి బస్సు లేదు. నీ సంస్థ కూడా ఊరుకోదు. వాళ్ళ గుట్టు బయట పెట్టనని కాగితం రాసిచ్చావుగా."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. అదే నన్ను ఎక్కువ విసిగించింది. తప్పు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని.

అత్తయ్య వంటింట్లోంచి అంతా విన్నది. గిన్నెలు మాత్రం మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి.

శనివారం పొద్దున ఆ ప్యాంటు పట్టుకుని కిందికి దిగాను. టైలరక్క లైనింగు గుడ్డలు, బొత్తాల డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నా చేతిలోది అందుకుంది. రెండో కాలుని మొదటి కాలి పక్కన పెట్టి కొలిచి, మిషను మీద వేసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎక్కడికి వెళ్తారు?"

"మా చెల్లెలి దగ్గరికి. నగరం చివరికి. అక్కడ ఇప్పటికే ముగ్గురు టైలర్లున్నారు." దారం కొరికింది. "నా దగ్గరికి ఎవరొస్తారో చూడాలి. ఇక్కడైతే మీ అందరి కొలతలూ రాసుకోకుండానే తెలుసు."

"మీరు కాదని మీటింగులో గట్టిగా చెప్పొచ్చుగా అక్కా."

"చెప్తే వినేవాళ్ళుండాలిగా." ఆమె ప్యాంటు మడిచి నాకిచ్చింది. "వాళ్ళకి కోపం వచ్చింది. పెట్టడానికి చోటు కావాలి. కంపెనీ చేతికి దొరకదు. నేను మెట్ల కిందే ఉన్నాను, దొరికాను. మీరు మాత్రం ఎందుకు వచ్చారో నాకు అర్థం కాలేదు."

కూలి ఇవ్వబోతే వద్దంది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి అందరం మళ్ళీ మెట్ల మీద చేరాం. ఫైలు బాబాయి కింద కుర్చీలో, ఒళ్ళో అట్ట పుస్తకం, పక్కన లాయరు రాసిచ్చిన కాగితం, దాని మీద గాలికి ఎగరకుండా తాళాల గుత్తి. టైలరక్క తన గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె వెనక అట్టపెట్టెలు. వీధిలో తోపుడు బండి సిద్ధంగా ఉంది.

"లాయరు ఇంకో మాట కూడా చెప్పాడు," అన్నాడు బాబాయి. "మన వివరాలు వాళ్ళకి ఎలా చేరాయో చూపించగలిగితే కేసుకి బలమట. టైలరేమో ఎలా చేరవేసిందో చెప్పడం లేదు. కాబట్టి తీర్మానం చదువుతున్నాను. ఈ బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళ సొంత విషయాలు కంపెనీకి చేరవేసిన టైలరుతో ఇకపై ఎవరికీ ఏ సంబంధం లేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. ఇంటికొక చెయ్యి."

చేతులు లేచాయి. నర్సుది అందరికంటే ముందు. మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మా ఇంటి చెయ్యి నాదే అన్నట్టు నేలవైపు చూస్తున్నాడు.

"మీరెత్తండి పెద్దమ్మా, మీ ఇంటి తరఫున," అన్నారు ఎవరో అత్తయ్యతో.

"నా చెయ్యి నొప్పి," అంది అత్తయ్య. "నిన్నటిదాకా లేదు."

బాబాయి పెన్ను చివరతో లెక్కపెట్టాడు. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి. "పదకొండు. డ్రైవరు గారింటిది రాలేదు. అమ్మాయ్, నీకేమన్నా అభ్యంతరమా?"

"ఆవిడ కాదు బాబాయి గారూ."

మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. నర్సు నా వైపు తిరిగింది. "రెండు వారాల కిందట మీరే బట్టలు వెనక్కి తెచ్చుకున్నారు కదక్కా."

"తెచ్చుకున్నాను. తప్పు చేశాను."

"ఆగండి, ఆగండి," అన్నాడు బాబాయి. "ఆవిడ కాదని నీకెలా తెలుసు?"

"మేనేజరు కంప్యూటర్లో చూశాను. మీ మోకాళ్ళ సంగతి, మీ అమ్మాయి డబ్బు సంగతి, నర్సు గారి చీకటి భయం, మా డిపో. ఎవరు కదల్లేరో ఇంటింటికీ రాసి ఉంది. కదల్లేనివాళ్ళకి ఎక్కువ పెంచారు. ఒక సర్వే సంస్థ దగ్గర కొన్నారట. ఎలా చేరాయో కోర్టులో చూపించొచ్చు. నకళ్ళు నా దగ్గరున్నాయి."

మా ఆయన నిట్టూర్చాడు. అడ్డం రాలేదు.

"నకళ్ళు నీ దగ్గరా?" నకలు అనే మాట వినగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. పుస్తకంలో తీర్మానం మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద కొత్త వరస మొదలుపెట్టాడు. "అయితే సరిగ్గా చెప్పు. గాలి కబుర్లు నేను ఇందులో రాయను. ఆ సంస్థకి మన వివరాలు ఇచ్చిందెవరు? ఏ అంతస్తు, ఏ ఇల్లు?"

టైలరక్క గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. మెట్ల మీద ఎత్తిన చేతులు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి.

"మూడో అంతస్తు," అన్నాను.

రాశాడు.

"రెండో ఇల్లు."

సగం రాసి పెన్ను ఆపాడు. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "అది మీ ఇల్లేగా అమ్మా."

"మా ఇల్లే. రాయండి బాబాయి గారూ. ఇచ్చింది నేనే."